మైకా తరువాతి గూడూరు: జనం లెక్క, పని లెక్క

(పట్టణ భవిష్యత్తుపై పౌరులు జరుపుకున్న చర్చాసభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన గూడూరు పట్టణ సోదర సోదరీమణులకు నమస్కారం.

ఉదయం నుంచి ఇక్కడ జరిగిన చర్చను శ్రద్ధగా విన్నాను. మైకా (అభ్రకం) గనులు మూతపడినప్పటి నుంచి ఊరు చిక్కిపోతోందనీ, చదువుకున్న పిల్లల్లో ఒక్కరూ ఇక్కడ నిలవడం లేదనీ కొందరు బాధపడ్డారు. ఊరు చిక్కిపోతూ ఉంటే అద్దె ఇళ్ళకు ఇంత గిరాకీ ఎందుకు ఉంటుందనీ, ఊరి చుట్టూ ఇన్ని లేఅవుట్లు ఎవరి కోసం వేస్తున్నారనీ మరికొందరు అడిగారు. ఎవరూ లేనిది కల్పించి చెప్పలేదు. ఇరుపక్షాల వారూ కళ్ళారా చూసిందే చెప్పారు. అయినా ఒకరి మాట ఒకరికి ఎక్కలేదు. రాత్రిపూట ఊళ్ళో ఎంతమంది తలదాచుకుంటున్నారన్న లెక్కనూ, పగటిపూట ఊళ్ళో ఎంతమందికి పని దొరుకుతోందన్న లెక్కనూ మనం కలగలిపి వాదించుకోవడమే ఇందుకు కారణమని నేను అనుకుంటున్నాను. మైకా నడిచిన రోజుల్లో ఈ రెండు లెక్కలూ ఇంచుమించు ఒకదాని వెంట ఒకటి సాగేవి. ఇప్పుడు అవి విడిపోయాయి, ఆ ఎడంలో అందరికన్నా ఎక్కువగా నష్టపోయింది ఈ ఊరి ఆడవాళ్ళు. అయినా మన వాదోపవాదాల్లో ఇంతవరకు వారి ప్రస్తావన రాలేదు. నేను మాట్లాడదలచుకున్నది ఆ నష్టం గురించే.

ముందుగా జనం సంగతి. మన గూడూరు ఉన్న ఉమ్మడి నెల్లూరు జిల్లా జనాభా 2001 జనగణనలో 26,68,564, 2011లో 29,63,557. పదేళ్ళలో సుమారు 11 శాతం పెరిగింది. అదే పదేళ్ళలో దేశ జనాభా 17.7 శాతం పెరిగింది. కనుక జిల్లా తరగలేదు, నెమ్మదిగా పెరిగింది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా పెట్టుకుని జరిపే ఏర్పాటు అయింది. అందువల్ల 2011 తరువాత ఊరు ఇంత పెరిగిందనో, అంత తగ్గిందనో ఈ సభలో ఎవరు చెప్పినా అది అంచనాయే తప్ప లెక్క కాదు. అంచనాలతో కొట్లాడుకోవడం కన్నా, ఆ అంచనాలు ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో చూసుకోవడం మేలు.

బడులలో పిల్లలు తగ్గిపోతున్నారని, అదే ఊరు ఖాళీ అవుతోందనడానికి సాక్ష్యమని ఒక ఉపాధ్యాయుడు చెప్పారు. బడిలో పిల్లలు తగ్గడం నిజమే కావచ్చు, కానీ దానికి వలసే కారణమని తేల్చడం సరికాదు. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు ఉండేవారు. 2019-21 నాటి అయిదవ సర్వేలో మన రాష్ట్రంలో ఆ సగటు 1.7కు దిగింది. తరం నిలబడాలంటే 2.1 కావాలి. స్థానిక ఎన్నికల్లో ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీ చేయరాదన్న నిబంధనను 2024లో శాసనసభ తొలగించడానికి నేపథ్యం కూడా ఇదే. మూడు గదుల ఇంట్లో ఒకప్పుడు ఆరుగురు ఉండేవారు, ఇప్పుడు ముగ్గురే ఉంటున్నారు. ఇళ్ళ సంఖ్య పెరుగుతూ ఉండగానే బడిలో హాజరు తగ్గడం ఇలాగే సాధ్యమవుతుంది. లేఅవుట్లను చూపించిన వారికీ, ఖాళీ బెంచీలను చూపించిన వారికీ ఇది ఒకటే సమాధానం.

సరిహద్దుల సంగతి కూడా ఉంది. ఊరి అంచున వెలసిన కాలనీ పంచాయతీ పరిధిలో ఉంటే, అందులోని వారు ఇక్కడే సరుకులు కొని, ఇక్కడే రైలెక్కి, ఇక్కడి ఆస్పత్రికే వచ్చినా, పట్టణ జనాభాలో లెక్కకు రారు. రాబోయే జనగణన కోసం పాలనా సరిహద్దులను 2025 డిసెంబర్ 31 నాటికి స్థిరపరిచారు కాబట్టి, ఆ తేదీకి గీత ఎక్కడ ఉంటే అక్కడికే పట్టణం. 2027 తరువాత వెలువడే అంకె మనం అనుకున్నదాని కన్నా చిన్నదిగా కనిపిస్తే కంగారు పడవలసిన పని లేదు. ఆనుకుని ఉన్న పంచాయతీల అంకెలను పక్కన పెట్టుకుని చదవాలి.

జనం లెక్క మీద ఇంతకు మించి కాలం వెచ్చించడం నాకు ఇష్టం లేదు. అసలు చిక్కు పని దగ్గర ఉంది.

గూడూరుకు మైకా ఏమి ఇచ్చిందో పెద్దలకు తెలుసు, కాని పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. సైదాపురం, కలిచేడు, తాళుపూరు ప్రాంతాల గనుల నుంచి వచ్చిన అభ్రకం ఈ ఊరి షెడ్లలో శుభ్రపడి, రైలెక్కి రేవులకు, అక్కడి నుంచి విదేశాలకు పోయేది. అభ్రకం విద్యుత్తును తన గుండా పారనివ్వదు, వేడికి చెడదు, కాగితం కన్నా పలుచని పొరలుగా విడివడుతుంది. ఈ మూడు గుణాలూ ఒకేచోట ఉన్న పదార్థం ఆనాడు మరొకటి దొరకనందువల్ల మోటార్లకు, రేడియో వాల్వులకు, కండెన్సర్లకు అది లేకుండా జరిగేది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో భారతీయ మైకాను కొనడానికే 1942లో బ్రిటన్, అమెరికా కలిసి ఒక ఉమ్మడి సంస్థను పెట్టుకున్నాయంటే దాని గిరాకీ ఎంతటిదో ఊహించుకోవచ్చు. 1946లో మైకా గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది, ఆ నిధితోనే కలిచేడులో కార్మికుల ఆస్పత్రి నడిచింది.

తరువాత ట్రాన్సిస్టర్ వచ్చి వాల్వును తోసేసింది. పనికిరాదని పారేసిన మైకా తుక్కునే గుజ్జుగా చేసి కాగితంలా తయారుచేసే పద్ధతి వచ్చి, చేత్తో విడదీసిన రేకులకు గిరాకీ తగ్గించింది. 1970ల నుంచి ఎగుమతి ప్రధానంగా ప్రభుత్వ రంగంలోని మైకా ట్రేడింగ్ కార్పొరేషన్ చేతుల మీదుగా సాగింది. కొనుగోలుదారుల్లో పెద్ద పీట సోవియట్ యూనియన్‌ది. 1991లో ఆ దేశమే విచ్ఛిన్నమైంది. దానితో గూడూరు షెడ్లకు పని నిలిచిపోయింది.

ఈ కథను మనం ఎప్పుడు చెప్పుకున్నా గనుల యజమానుల వైభవం గురించో, మూతపడ్డ గనుల గురించో చెప్పుకుంటాం. గనిలోంచి పైకి వచ్చిన మైకా సరుకుగా మారడం మాత్రం ఆడవాళ్ళ చేతుల్లో జరిగింది. నా చిన్నతనంలో మా బంధువుల ఇంటి వెనుక ఒక మైకా షెడ్డు ఉండేది. బారుగా నేల మీద కూర్చున్న స్త్రీలు, ఒక్కొక్కరి ముందు మైకా దిమ్మలు, చేతిలో మొన వాడిగా ఉన్న చిన్న కత్తి. దిమ్మ అంచున ఒక మూల ఆ మొనను గుచ్చి, మణికట్టును కాస్త తిప్పితే పొర లేచేది. ఆ పొరను వేలితో జార్చి, మళ్ళీ దాన్నీ విడదీసేవారు. కోరిన మందం అంగుళంలో వెయ్యో వంతుకు దగ్గరగా ఉండాలి, దాన్ని కొలిచే సాధనం వాళ్ళ వేలికొసలే. విడదీసిన రేకును వెలుతురుకు ఎత్తి పట్టి, మచ్చ ఉంటే ఒక గంపలో, లేకుంటే మరో గంపలో వేసేవారు. సాయంత్రం తూకం వేసి, రకాన్ని బట్టి కూలి కట్టేవారు. ఇళ్ళకు వెళ్ళేటప్పుడు వాళ్ళ చీరల మీద, జుట్టు మీద ధూళి మిలమిల మెరుస్తూ ఉండేది.

ఆ పనిని నేను పొగడడం లేదు. కూలి తక్కువ, తూకంలో తేడాలు ఉండేవి, ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయేది, గనుల్లో డ్రిల్లింగ్ చేసిన మగవాళ్ళు ఇంకా ఘోరంగా జబ్బు పడేవారు. అయినప్పటికీ, ఆ పని నడిచిపోయే దూరంలో ఉండేది. చంటిబిడ్డ ఉన్న తల్లి మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి పాలిచ్చి రాగలిగేది. నలభై అయిదేళ్ళ మనిషిని వయసు మళ్ళిందని ఎవరూ వద్దనేవారు కాదు, పైపెచ్చు ఆమె చేతి నైపుణ్యానికి ఎక్కువ విలువ ఉండేది. కూలి డబ్బు ఆమె చేతికే వచ్చేది. మైకా పోయినప్పుడు ఈ లక్షణాలన్నీ ఉన్న పని మొత్తంగా పోయింది. దానికి సాటి రాగల పని మళ్ళీ ఈ ఊరికి రాలేదు.

తరువాత వచ్చినవేమిటో చూద్దాం. అవే కొండల్లో ఇప్పుడు తెల్లరాయి (క్వార్ట్జ్) తవ్వుతున్నారు. 2015లో చిన్నతరహా ఖనిజాల జాబితాలోకి వెళ్ళిన మైకా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లను 2025 ఫిబ్రవరిలో కేంద్రం తిరిగి ప్రధాన ఖనిజాలుగా మార్చింది; వాటితో కలిసి లిథియం వంటి కీలక ఖనిజాలు దొరికే అవకాశం ఉండడమే అందుకు కారణం. ఇది మన ప్రాంతానికి మంచి వార్త కావచ్చు. అయితే తెల్లరాయిని జేసీబీ తవ్వుతుంది, టిప్పర్ మోస్తుంది. చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక తీరూ అంతే. టన్నులు పెరిగినంతగా పని దినాలు పెరగవు, పెరిగినవీ డ్రైవర్లవి, ఆపరేటర్లవి. నిమ్మకాయల మార్కెట్టులో కాయ ఏరి, గ్రేడు చేసి, బస్తాలకెత్తే పని ఉంది, కాని అది సీజను పని. 2008లో మొదలైన కృష్ణపట్నం ఓడరేవు, దాని చుట్టూ వచ్చిన విద్యుత్ కేంద్రాలు మన మగపిల్లలకు కొన్ని ఉద్యోగాలు ఇచ్చాయి. ఆడపిల్లలకు ఇచ్చినవి చాలా తక్కువ.

రొయ్యల ప్లాంట్లు ఆడవాళ్ళకు పని ఇస్తున్నాయి కదా అని ఒక సోదరి అడిగారు. ఇస్తున్నాయి, కాదనను. తల తీయడం, పొట్టు వలవడం, నరం లాగడం అంతా చేతివేగం మీద ఆధారపడిన పనే, ఎక్కువగా ఆడవాళ్ళ పనే. కాని 2025 ఆగస్టు 27 నుంచి భారతీయ సరుకులపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి చెరువుల నుంచి ప్లాంట్ల దాకా ఎంత ఆందోళన రేగిందో మీరందరూ చూశారు. ఒక్క కొనుగోలుదారు మీద బతికే పని ఎలా ముగుస్తుందో సోవియట్ మైకా ఒప్పందాల నుంచి నేర్చుకోవలసిన ఊరు మనది. రొయ్య అక్కరలేదని నేననడం లేదు, రొయ్యతోనే సరిపెట్టుకోవద్దంటున్నాను.

ఇక దక్షిణాన తడ, శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతాలు. అక్కడ ఆడపిల్లలకు పని ఉంది, అందులో సందేహం లేదు. మొబైల్ ఫోన్లు బిగించే కర్మాగారంలోనూ, మాంబట్టు బూట్ల కర్మాగారంలోనూ పనిచేసేవారిలో అత్యధికులు స్త్రీలే. కాని గూడూరు నుంచి తడ అరవై కిలోమీటర్లకు పైమాటే. ఎనిమిది గంటల షిఫ్టు, పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, బస్సు కోసం రెండు వైపులా నిరీక్షణ కలుపుకుంటే ఇంటి నుంచి బయట గడిపే కాలం పన్నెండు గంటలకు చేరుతుంది. అందువల్ల ఆ ఉద్యోగాలకు ఎక్కువగా పోయేది పెళ్ళి కాని పిల్లలే. హాస్టల్లో ఉండి, నాలుగైదేళ్ళు చేసి, పెళ్ళయి బిడ్డ పుట్టగానే మానేస్తారు. ముప్పై దాటిన ఇల్లాలికి ఆ ఉద్యోగం ఉన్నా లేనట్టే. వేలాది ఉద్యోగాలు వచ్చాయన్న పత్రికా ప్రకటనా నిజమే, మా అమ్మాయికి పని లేదన్న తల్లి మాటా నిజమే.

గూడూరు జంక్షన్ మనకు వరం. ఉత్తరాన నెల్లూరు నలభై కిలోమీటర్ల లోపే. దక్షిణాన చెన్నై 138 కిలోమీటర్లు. పడమర రేణిగుంట, తిరుపతి. పొద్దున్నే మెమూ (దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే రైలు) కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడే వారిని చూడండి: బ్యాగు తగిలించుకున్న కుర్రాళ్ళు, బ్యాంకు, ఆఫీసు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు. వీరు ఊరు విడిచిపోలేదు, ఊళ్ళో పనీ చేయడం లేదు. సీజన్ టికెట్టు మీద రెండు ఊళ్ళలో బతుకుతున్నారు. అద్దె ఇళ్ళకు గిరాకీ వీరి వల్లే. ఇందాక ఇరుపక్షాల వారూ వాదించుకున్నది కూడా వీరిని ఎటు కట్టాలో తెలియకనే.

ఇలాంటి దశను మనకన్నా ముందు దాటిన ఊరు ఒకటి దగ్గరలోనే ఉంది. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున, తరతరాలుగా తెలుగు, తమిళ కుటుంబాలు పనిచేసిన గనులు అవి. గనితో పాటు ఊరూ పోతుందని అందరూ అనుకున్నారు. ఊరు పోలేదు. అక్కడి జనం రైలెక్కి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు రోజూ పనికి పోవడం మొదలుపెట్టారు, ఇప్పటికీ పోతున్నారు. చీకటితో లేచి, చీకటి పడ్డాక ఇల్లు చేరే బతుకు అది. జనాభా లెక్కను మాత్రమే చూసే వారికి ఆ ఊరు నిలదొక్కుకున్నట్టే కనిపిస్తుంది. ఆ రైలు ఎక్కలేని వారికి ఊళ్ళో ఏముందని అడిగితే సమాధానం వేరుగా ఉంటుంది.

దూరదేశపు ఉదాహరణ కూడా ఒకటి చెప్పి ఊరుకుంటాను. అమెరికాలోని పిట్స్‌బర్గ్ ఉక్కు పట్టణం. 1950లో అక్కడి జనాభా 6,76,806, 2020లో 3,02,971. సగానికి పైగా జనం తగ్గినా, విశ్వవిద్యాలయాలతో, ఆస్పత్రులతో అది మళ్ళీ నిలబడిందని పేరు తెచ్చుకుంది. అయితే అక్కడ పోయినవి గట్టి కార్మిక సంఘాల అండతో మంచి జీతం వచ్చిన మగవాళ్ళ ఉద్యోగాలు; వచ్చినవాటిలో పెద్ద భాగం రోగులకు, వృద్ధులకు సేవ చేసే, జీతం తక్కువగా ఉండే ఆడవాళ్ళ ఉద్యోగాలు. మనకు జరిగింది ఇందుకు తలకిందులు: పోయింది ఆడవాళ్ళ పని, వచ్చింది చాలా వరకు మగవాళ్ళ పని. రెండుచోట్లా ఉద్యోగాల మొత్తాన్ని కూడి తీస్తే ఈ మార్పు కనపడదు.

ప్రభుత్వ లెక్కల్లోనూ ఇది కనపడని తీరులో ఉంది. మునిసిపాలిటీ కాని ఒక ఊరిని పట్టణంగా గుర్తించాలంటే జనగణన మూడు షరతులు పెడుతుంది: జనాభా 5,000 దాటాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, ప్రధాన కార్మికులైన పురుషుల్లో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. స్త్రీలు ఏ పనిలో ఉన్నారో, అసలు పనిలో ఉన్నారో లేదో ఆ నిర్వచనానికి అక్కరలేదు. ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ పని దొరికిన వారిని జనగణన ఉపాంత కార్మికులు అంటుంది. నిమ్మ సీజను ముగిసిన తరువాత మన ఆడవాళ్ళలో చాలామంది చేరేది ఆ గడిలోకే. 2011 జనగణన ఒక మంచి పని చేసింది: వ్యవసాయం, కుటుంబ పరిశ్రమ కాని ఇతర పనులు చేసేవారిని, పనిచోటు ఎంత దూరమో, దేని మీద వెళ్తారో అడిగింది. కాని ఆ పట్టికలు జిల్లాల స్థాయిలో వెలువడ్డాయి. గూడూరులో ఏ వార్డు స్త్రీ ఎంత దూరం పోతోందో వాటి నుంచి రాదు.

అందుచేత ఆ లెక్క మనమే తీయాలి. వార్డుల వారీగా ఇంటింటికీ వెళ్ళి అడగవలసిన ప్రశ్నలు నాలుగైదుకు మించవు. పద్దెనిమిది దాటిన ప్రతి మనిషీ ఇప్పుడు ఏ పని చేస్తున్నారు, అది ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, ఏడాదికి ఎన్ని నెలలు దొరుకుతుంది. పని చేయని వారు ఎంత దూరంలో, ఏ వేళల్లో పని దొరికితే చేయగలరు. ఇంతకుముందు చేసి మానేసి ఉంటే ఎప్పుడు, ఎందుకు మానేశారు. ఈ ప్రశ్నలను ఇంటి యజమానిని కాక, ఆ స్త్రీనే అడగాలి. మా ఇంట్లో ఆడవాళ్ళు పనికి పోరని మగవాడు చెప్పే సమాధానం, ఆమె స్వయంగా చెప్పే సమాధానం తరచుగా ఒకటి కావు. డిగ్రీ కాలేజీల్లో అర్థశాస్త్రం చదువుతున్న పిల్లలు ఈ పని చేయగలరు. పాఠం చెప్పి, పట్టికలు వేయడం నేర్పే బాధ్యత నేను తీసుకుంటాను.

ఆ లెక్క చేతిలో ఉంటే అడగవలసిన చోట సూటిగా అడగవచ్చు. కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. సుమారు 10,500 కోట్ల రూపాయల పెట్టుబడులు, ప్రత్యక్షంగా, పరోక్షంగా లక్ష మందికి ఉపాధి అని కేంద్రం చెప్పింది. అది మన కోట, చిల్లకూరు మండలాల్లోనే వస్తోంది కనుక సంతోషించవలసిందే. భూమి ఇచ్చిన ప్రాంతంగా మనకు అడిగే హక్కు కూడా ఉంది: ఆ లక్షలో పగటి షిఫ్టు ఉద్యోగాలు ఎన్ని? ముప్పై అయిదేళ్ళ స్త్రీని చేర్చుకునేవి ఎన్ని? యాభై మంది గాని అంతకు మించి గాని పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం విధించింది. అది కర్మాగారంతో పాటు మొదలవుతుందా, లేక తనిఖీ వచ్చినప్పుడు బోర్డు మాత్రమే వేలాడుతుందా?

బస్సు సంగతి కూడా అంతే ముఖ్యమైనది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితమైంది. దానితో ఛార్జీ అనే అడ్డంకి పోయింది, వేళలు అనే అడ్డంకి మిగిలింది. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు అందే బస్సు లేకపోతే ఉచిత టికెట్టుతో ప్రయోజనం లేదు. ఏ రూట్లో, ఏ వేళకు, ఎంతమంది స్త్రీలకు బస్సు కావాలో మన పట్టిక చూపిస్తే, డిపో మేనేజరు దగ్గర చర్చ అభ్యర్థన స్థాయి దాటి లెక్క మీద సాగుతుంది.

చివరగా, ప్రతి అసెంబ్లీ నియోజకవర్గంలో ఒక ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కు పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పార్కు అనగానే అధికారులు వెతికేది హైవే పక్కన ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమిని. అది ఊరికి పది కిలోమీటర్ల అవతల ఉన్నా వారికి అభ్యంతరం ఉండదు. మనకు అభ్యంతరం ఉండాలి. వైర్లు కూర్చడం, చిన్న ఎలక్ట్రానిక్ భాగాలు బిగించడం, నిమ్మ నుంచి పచ్చళ్ళు, రసాలు తయారుచేయడం, దుస్తులు కుట్టడం వంటి యూనిట్లకు విశాలమైన భూమి అక్కరలేదు. మంచి కరెంటు, నీళ్ళు, చుట్టూ పనిచేసే చేతులు కావాలి. పట్టణం లోపల నిరుపయోగంగా పడి ఉన్న పాత షెడ్లు, గోదాములు ఏవేవి ఉన్నాయో, వాటి యాజమాన్యం ఎవరిదో, వివాదాలేమైనా ఉన్నాయో ఒక జాబితా రాయించి, కొత్త పార్కులో ఒక భాగాన్ని అక్కడే పెట్టమని పురపాలక సంఘం చేత తీర్మానం చేయించాలని నా ప్రతిపాదన. ఇందాక ఊరు ఖాళీ అన్న సోదరుడూ, ఇళ్ళు చాలవన్న సోదరుడూ ఇద్దరూ దీని మీద సంతకం చేయవచ్చు. వార్డుల సర్వేకు పేర్లు ఇవ్వదలచిన వారు సభ ముగిసిన తరువాత ఇక్కడే ఉండవలసిందిగా కోరుతున్నాను; ముందుగా మైకా షెడ్లలో పనిచేసిన తల్లులు ఇంకా ఉన్న వీధుల నుంచి మొదలుపెడదాం, ఏ పని చేయగలిగేవారో, ఏ పని ఇప్పటికీ చేయగలరో వారినే అడిగి రాసుకుందాం.